మెత్తగా దిగడమే మంచి ల్యాండింగా?

(చిన్న విమానాల ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసి రిటైరైన ఒకరు విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినపడుతోందా? ఫ్యాన్ల మోత ఎక్కువగా ఉంది. ఆపేస్తే ఉక్కపోత. ఉండనివ్వండి, నేనే కాస్త గట్టిగా మాట్లాడతాను.

ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను. మీలో చాలామంది విమానం ఎక్కినవాళ్ళే కదా? హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వస్తున్నారు. చక్రాలు నేలకు తగిలిన సంగతి కూడా తెలియకుండా దిగిందనుకోండి, ఏమంటారు? "పైలట్ భలే దింపాడండీ" అంటారు. దబ్బున తగిలితే? "ఎవరో కొత్తవాడిలా ఉన్నాడు" అంటారు. అంటారా, అనరా? అదిగో, నవ్వుతున్నారు. పెద్ద విమానంలో ఆ మాట అన్నా నష్టం లేదు, కాక్‌పిట్ తలుపు వేసి ఉంటుంది, వాళ్ళకి వినపడదు. నలుగురు కూర్చునే చిన్న విమానంలో మీరు పైలట్ వెనకే, చెయ్యి చాస్తే భుజం తగిలేంత దగ్గరగా కూర్చుంటారు. మీరేమనుకుంటారో అని అతను ఆలోచిస్తాడు. మెత్తగా దించాలని చూస్తాడు. నేను చూసిన విరిగిన విమానాల్లో చాలావాటి కథ అక్కడే మొదలైంది. ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది ఇదే.

చిన్న విమానం అనగానే మన తెలుగువాళ్ళకి ఏది గుర్తొస్తుంది? సౌందర్య గారు గుర్తొస్తారు. 2004 ఏప్రిల్ 17. బెంగళూరు జక్కూరులో బయల్దేరిన కాసేపటికే ఆ సెస్నా 180 కూలిపోయింది. లోపల ఉన్న నలుగురూ పోయారు. అది టేకాఫ్ ప్రమాదం. ఇంకొకటి చెబుతాను. 2023 సెప్టెంబర్ 14న మన విశాఖ నుంచే బయల్దేరిన ఒక చార్టర్ జెట్, లియర్‌జెట్ 45, ముంబైలో జోరు వానలో దిగుతూ రన్‌వే పక్కకి వెళ్ళిపోయి విరిగిపోయింది. కనుచూపు 700 మీటర్లు. టీవీలో ఆ దృశ్యం చూసినవాళ్ళు లోపల ఎవరూ మిగిలి ఉండరనుకున్నారు. ఆరుగురు ప్రయాణికులు, ఇద్దరు పైలట్లు, ఎనిమిది మందీ బతికారు.

ఈ రెండూ పక్కపక్కన ఎందుకు పెట్టానంటే, ప్రైవేటు చిన్న విమానాల ప్రమాదాల లెక్క ఏ దేశంలో తీసినా సాధారణంగా కనపడేది ఇదే. ల్యాండింగ్‌లో జరిగేవి అన్నిటికంటే ఎక్కువ, వాటిలో చచ్చిపోయేవాళ్ళు తక్కువ. ఎందుకు తక్కువ? నేలకు దగ్గరగా ఉన్నారు. వేగం తగ్గించుకుని ఉన్నారు. ముందు రన్‌వే ఉంది, పక్కన ఫైరింజన్ ఉంది. టేకాఫ్‌లో ఇంజిన్ పూర్తి బలంతో ఉంటుంది, ట్యాంకు నిండుగా ఉంటుంది, ముందు ఏముందో మన చేతిలో లేదు. అందుకని ల్యాండింగ్ ప్రమాదం అంటే మామూలుగా చక్రం విరగడం, ప్రొపెల్లర్ వంగడం, రెక్క కొస నేలకు రాసుకోవడం. పేపర్లో నాలుగు లైన్లు. "తృటిలో తప్పిన పెనుముప్పు". అంతే.

కానీ ఒక్క రకం ఉంది, అందులో దాదాపు ఎవరూ బతకరు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇప్పుడు అసలు విషయం. ఇంజనీరింగ్ స్టూడెంట్లు ఉన్నారా? ఆ, ఉన్నారు. లెక్కల్లో తేడా వస్తే మీరే ఆపాలి నన్ను. సెస్నా 172 తీసుకుందాం. 1956 నుంచి అమ్ముతున్నారు, 44 వేల పైచిలుకు తయారయ్యాయి, ప్రపంచంలో ఇంతకంటే ఎక్కువ సంఖ్యలో తయారైన విమానం లేదు. మన బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన టీయూ 142 విమానం చూశారుగా, దాని పక్కన ఇది బొమ్మలా ఉంటుంది. ఈ 172 రన్‌వే వైపు 65 నాట్స్‌తో వస్తుంది. గంటకు 120 కిలోమీటర్లు. యాభై అడుగుల ఎత్తు నుంచి మొదలుపెట్టి పూర్తిగా ఆగేదాకా, పద్ధతిగా దించితే, 400 మీటర్లు సరిపోతుంది. మన ఎయిర్‌పోర్టు రన్‌వే మూడు కిలోమీటర్లు. దాని మీద 172 దిగితే మిగిలింది చూసి నవ్వొస్తుంది. కానీ ప్రైవేటు విమానాలు వెళ్ళేది అన్నీ మూడు కిలోమీటర్ల రన్‌వేలకి కాదు. ఏ ఫ్యాక్టరీ వాళ్ళో వేసుకున్న స్ట్రిప్ ఉంటుంది, కిలోమీటరు, దాని చివర కాలవ, కాలవ అవతల కొబ్బరి తోట.

65 నాట్స్‌తో రావలసినవాడు 75తో వచ్చాడనుకోండి. పది నాట్సే కదా? శక్తి లెక్క తెలియాలంటే వేగాన్ని వర్గం చెయ్యాలి. 75 బై 65, దాని వర్గం, 1.33. అంటే వదిలించుకోవలసిన శక్తి మూడో వంతు ఎక్కువ. ఎలా వదిలించుకుంటాడు? బ్రేకు వెయ్యాలంటే చక్రాల మీద బరువు పడాలి. చక్రాల మీద బరువు పడాలంటే రెక్కలు మొయ్యడం మానాలి. అవి మానవు. పైగా నేలకు దగ్గరపడేకొద్దీ, రెక్క పొడవంత ఎత్తులోకి వచ్చేసరికి, గాలి వెనక్కి లాగడం తగ్గిపోతుంది. గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు. విమానం దిగనంటుంది. రన్‌వే మీద రెండు మూడడుగుల ఎత్తులో అలా తేలుతూ పోతుంది. 60 నాట్స్ దగ్గర ఒక్క సెకనుకి 30 మీటర్లు పోతున్నాం. పది సెకన్లు తేలితే? 300 మీటర్లు. గట్టిగా పదంకెలు లెక్కపెట్టండి, ఎంత తక్కువ సేపో తెలుస్తుంది. కిలోమీటరు స్ట్రిప్‌లో మూడో వంతు అయిపోయింది, చక్రం ఇంకా నేలకు తగల్లేదు.

ఇంతకీ 75తో ఎందుకు వచ్చాడు? "కొంచెం స్పీడ్ ఉంటే సేఫ్" అని ఎవరో చెప్పారు. "స్పీడ్ ఉంటే మెత్తగా కూర్చుంటుంది" అని ఇంకెవరో చెప్పారు. ఈ రెండో మాటలో అబద్ధం లేదు. మెత్తగానే కూర్చుంటుంది. రన్‌వే ఉన్నంతవరకూ.

సరే, ఇంకొకడున్నాడు. తేలుతూ పోవడం చూసి వీడికి టెన్షన్ మొదలైంది. రన్‌వే అయిపోతోంది. ఏం చేస్తాడు? ముక్కు కిందికి నొక్కుతాడు, బలవంతంగా కూర్చోబెడదామని. అక్కడ ముందు చక్రం ముందుగా తగులుతుంది. ముందు చక్రం అన్నది దిగాక దారి చూపడానికి పెట్టింది, దిగేటప్పుడు బరువు మొయ్యవలసినవి వెనక రెండు. ముందు చక్రం తగలగానే ముక్కు ఎగురుతుంది, విమానం మళ్ళీ గాల్లోకి లేస్తుంది. వేగం తగ్గిపోయింది, ముక్కు ఆకాశం వైపు ఉంది. భయపడి మళ్ళీ నొక్కుతాడు. ఈసారి ఇంకా గట్టిగా తగులుతుంది, ఇంకా ఎత్తుకి లేస్తుంది. మా వాళ్ళు దీన్ని పార్పాయిజ్ అంటారు. సాధారణంగా మూడో దెబ్బకి పని అయిపోతుంది. ఎందుకు ఆగదు? మనిషి చెయ్యి కదలడానికీ విమానం స్పందించడానికీ మధ్య కాస్త ఆలస్యం ఉంటుంది. అతను సరిచేస్తున్నాననుకుని నొక్కే ప్రతి నొక్కుడూ ఆ ఎగురుడుకి సాయం చేస్తుంది. అందుకే రెండో గెంతు మొదటిదాని కంటే పెద్దది, మూడోది రెండోదాని కంటే పెద్దది.

ఇందులో ఏం విరుగుతుందో వినండి. ముందు చక్రం కాలు ఇంజిన్ వెనక ఉండే ఫైర్‌వాల్ అనే రేకు గోడకి ఆనుకుని ఉంటుంది. ఆ గోడ ముడత పడుతుంది. బయటికి కనపడదు. బోనెట్ తెరిచి, టార్చి వేసి చూస్తే తప్ప తెలియదు. ప్రొపెల్లర్ కొసకీ నేలకీ మధ్య ఒక అడుగు జాగా కూడా ఉండదు. తగిలిందంటే ప్రొపెల్లర్ ఒక్కటే కాదు, తిరుగుతున్న ఇంజిన్ ఒక్కసారిగా ఆగినట్టు లెక్క. ఇంజిన్ విప్పి లోపల తిరిగే ఇరుసు, క్రాంక్‌షాఫ్ట్, చూడాలి. ఆ బిల్లు చూస్తే సొంత విమానం ఉన్నాయన మొహం ఎలా ఉంటుందో నేను చూశాను, అది ఇక్కడ చెప్పను.

మరి మందు ఏమిటి? మొదటి గెంతుకే వదిలెయ్యడం. పూర్తి పవర్ ఇచ్చి, ముక్కు నిలకడగా పెట్టి, లేచి వెళ్ళిపోయి ఇంకోసారి చుట్టి రావడం. గో అరౌండ్. ఇది అన్ని పుస్తకాల్లో ఉంది, అందరికీ తెలుసు. తెలిసి ఎందుకు చెయ్యరు? ఒక్క నిమిషం ఆగండి, గాలి సంగతి చెప్పి వస్తాను, ఎందుకంటే మన ఊరివాళ్ళకి అది చెప్పకుండా పోలేను.

మన రన్‌వే పేరు తెలుసా? ఒక కొస 10, ఇంకో కొస 28. అంటే దిక్సూచి మీద 100 డిగ్రీలు, 280 డిగ్రీలు. దాదాపు తూర్పు పడమరలు. విశాఖలో మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం మీద నుంచి గాలి లేస్తుంది. అది దక్షిణం వైపు నుంచి వచ్చిందంటే రన్‌వేకి అడ్డంగా కొట్టినట్టే. దారిలో యారాడ కొండలున్నాయి, ఆ కొండ దాటి వచ్చే గాలి నున్నగా రాదు, సుడులు తిరుగుతూ వస్తుంది. పెద్ద విమానాలకి అదొక కుదుపు. వెయ్యి కిలోల విమానానికి అది పెద్ద విషయం. సెస్నా 172 పుస్తకంలో అడ్డగాలికి 15 నాట్స్ అని రాసి ఉంటుంది. తయారుచేసినప్పుడు టెస్ట్ పైలట్ అంత గాలిలో దింపి చూపించాడని దాని అర్థం. నిన్న గాక మొన్న లైసెన్స్ వచ్చినవాడు దింపగలడని అందులో ఎక్కడా రాయలేదు.

అడ్డగాలిలో ఎలా వస్తారు? గోదావరి దాటించే పడవవాడు ఎదుటి రేవుకి నేరుగా గురి పెట్టడు కదా, ఎగువకి పెడతాడు, ప్రవాహం తెచ్చి రేవులో దింపుతుంది. పైలట్ కూడా అంతే, ముక్కు గాలి వైపు తిప్పుకుని ఏటవాలుగా వస్తాడు. పడవకి రేవు తగిలాక ఫర్వాలేదు. విమానానికి చక్రాలున్నాయి, అవి రన్‌వే గీతకి నేరుగా ఉండాలి. అందుకని చివరి క్షణంలో రడ్డర్‌తో, అంటే తోక మీది చుక్కానితో, ముక్కు సరిచేసి, గాలి వచ్చే వైపు రెక్క కాస్త దించి, ఆ వైపు చక్రం మీద ముందుగా దిగాలి. ఒంటి చక్రం మీద! ప్రయాణికుడికి ఎలా ఉంటుంది? వంకరగా వచ్చాడు, ఒక పక్కకి ఒరిగాడు, ఒక చక్రం తగిలింది, తర్వాత రెండోది తగిలింది. "ఇదేం దింపడం నాయనా" అంటాడు. అదే చక్కటి ల్యాండింగ్. మెత్తగా దించుదామని గాల్లో ఎక్కువసేపు తేల్చాడా, ఆ సేపంతా గాలి పక్కకి తోస్తూనే ఉంటుంది, గడ్డిలోకి తీసుకెళ్తుంది. తోక కింద చక్రం ఉండే పాత రకాలైతే దిగాక కూడా నమ్మకం లేదు, గిర్రున తిరిగి వెనక్కి చూస్తాయి.

ఇప్పుడు ప్రాణాలు తీసే రకం. మీరు దయచేసి ఈ పది నిమిషాలు ఫోన్లు పక్కన పెట్టండి.

విమానం రన్‌వేకి సమాంతరంగా, వెయ్యి అడుగుల ఎత్తులో వచ్చి, ఒక మలుపు తిరిగి, ఇంకో మలుపు తిరిగి రన్‌వేకి ఎదురుగా వస్తుంది. ఆ చివరి మలుపుని బేస్ నుంచి ఫైనల్ అంటాం. అక్కడ ఎత్తు నాలుగైదు వందల అడుగులు ఉంటుంది. వెనక నుంచి గాలి తోసింది. మలుపు ఆలస్యమైంది. రన్‌వే నడిమి గీతకి సూటిగా రావలసినవాడు ఆ గీత దాటిపోతున్నాడు. ఇప్పుడు ఏం చెయ్యాలనిపిస్తుంది? మీరు కారులో ఉంటే ఏం చేస్తారు? ఇంకాస్త గట్టిగా తిప్పుతారు. అతనూ అదే చేస్తాడు. రెక్క ఇంకా ఒరగదీస్తాడు. ఇంత కింద అంత ఒరగడం భయం వేసి, ఒరగడం ఆపి కాలితో రడ్డర్ తొక్కి ముక్కు తిప్పుతాడు. ముక్కు కిందికి పోతుంటే వెనక్కి లాగుతాడు. ఒరగడం, రడ్డర్, లాగడం. ఈ మూడూ ఒకచోట చేరాయి.

లెక్క చూడండి. స్టాల్ అంటే ఇంజిన్ ఆగడం అనుకోకండి, రెక్క మోసే శక్తి కోల్పోవడం. ఫ్లాప్స్, అంటే రెక్క వెనక అంచున ఉండే పలకలు, దించకుండా 172 స్టాల్ అయ్యే వేగం 48 నాట్స్. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు ఒరిగి తిరిగితే రెక్కల మీద బరువు రెండింతలు అవుతుంది. స్టాల్ వేగం రెండుకి వర్గమూలమన్ని రెట్లు అవుతుంది. 48 ఇంటూ 1.41. ఎవరైనా చెప్పండి. 68! అతను ఎంతలో వస్తున్నాడు? 65. అదే వేగం, అదే విమానం, ఒరగకుండా ఉంటే 17 నాట్స్ మిగులు, అలా ఒరిగితే మూడు నాట్స్ తక్కువ. స్పీడోమీటరులో ఏ మార్పూ కనపడలేదు. రడ్డర్ ఎక్కువ తొక్కి ఉన్నాడు కాబట్టి రెండు రెక్కలూ ఒకేసారి వదలవు, లోపలి రెక్క ముందు వదిలేస్తుంది. విమానం తలకిందులై తిరుగుతూ పడుతుంది. మూడు వేల అడుగుల ఎత్తులో అయితే స్టూడెంట్ కూడా సరిచేసుకోగలడు, ట్రైనింగ్‌లో చేయిస్తాం కూడా. నాలుగు వందల అడుగుల్లో దేవుడు కూడా సరిచెయ్యలేడు.

దీనికి కూడా మందు అదే. గీత దాటిపోయిందా? పోనివ్వు. మామూలుగానే తిరిగి, పవర్ ఇచ్చి, పైకి పోయి, ఇంకో చుట్టు చుట్టిరా. ఐదారు నిమిషాలు, కొన్ని లీటర్ల పెట్రోలు.

మరి ఎందుకు చెయ్యరు? ఇందాక వదిలిన ప్రశ్న ఇదే. సిగ్గు అండీ. నేను నేర్పిన కుర్రాళ్ళలో తెలివైనవాళ్ళే ఎక్కువ సిగ్గుపడేవాళ్ళు. కింద తోటివాళ్ళు కుర్చీలు వేసుకుని కూర్చుని చూస్తుంటారు. చుట్టి వచ్చినవాణ్ణి "ఏంట్రా, కుదర్లేదా?" అంటారు. ఆ ఒక్క మాట చాలు. ఇక లైసెన్స్ వచ్చి, ఎవరి విమానమో నడుపుతుంటే? వెనక ఓనరు గారు కూర్చుని ఉంటారు. కింద కార్లు, పూలదండలు, పెళ్ళి ముహూర్తమో మీటింగో. చాలా చిన్న స్ట్రిప్పుల్లో రన్‌వే లైట్లు ఉండవు, సూర్యుడు దిగిపోయేలోగా దిగాలి. చుట్టి వస్తే వెలుతురు పోతుంది. "సార్, మళ్ళీ వస్తాను" అనడానికి గొంతు పెగలదు. అలా అన్నప్పుడు "మంచిది బాబూ, తొందరేం లేదు" అనే ఓనరు దొరికిన పైలట్ అదృష్టవంతుడు. మీలో ఎవరైనా రేపు విమానం కొనుక్కుంటే, లేదా హెలికాప్టరైనా సరే, ఎక్కేముందే ఆ మాట పైలట్‌కి చెప్పండి. నవ్వకండి, ఈ ఊళ్ళో కొనగలిగినవాళ్ళున్నారు.

గో అరౌండ్ కూడా ప్రమాదం లేనిది కాదు, అది దాచను. ఒక్కసారిగా పూర్తి పవర్ ఇస్తే ముక్కు పైకి లేస్తుంది, ఎడమకి లాగుతుంది. కంగారులో ఫ్లాప్స్ మొత్తం ఒక్కసారే తీసేస్తే విమానం కిందికి కూలబడుతుంది. అందుకే ఫ్లాప్స్ ముప్పై డిగ్రీల నుంచి ఇరవైకి తెచ్చి, వేగం పుంజుకున్నాక మిగతాది. అలవాటు లేకపోతే ఇవన్నీ ఆ క్షణంలో గుర్తుకి రావు. అలవాటు ఎలా అవుతుంది? అవసరం లేనప్పుడు కూడా చేయించాలి. రన్‌వే మీదకి చక్కగా వచ్చిన స్టూడెంట్‌ని "వదిలెయ్, చుట్టిరా" అనాలి. నేను అనేవాణ్ణి. పెట్రోలు దండగని ఒక చోట యాజమాన్యం వాళ్ళు మొహం మాడ్చుకున్నారు. మాడ్చుకోనీ.

చక్రాలు ముడుచుకునే విమానాల సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. చక్రాలు దించడం మరిచిపోయి పొట్ట మీద దించేస్తారు. హారన్ మోగుతూనే ఉంటుంది, వినపడదు. మనిషి చెవి అలాంటిది. ఎవరికీ పెద్దగా దెబ్బ తగలదు, సిగ్గొకటే. ఇక రన్‌వే మీదకి కుక్కలు, గేదెలు వస్తాయి. కంచె కట్టాలి. దానికి ప్రసంగం అక్కర్లేదు.

ప్రమాదం జరిగాక ఏమవుతుంది? మన దేశంలో 2012 నుంచి ఏఏఐబీ అని విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఉంది. అంతర్జాతీయ నియమం, అనెక్స్ 13, ఏం చెబుతుందంటే దర్యాప్తు చేసేది మళ్ళీ జరగకుండా చూడడానికి, నింద ఎవరి మీద వెయ్యాలో తేల్చడానికి కాదు అని. రిపోర్టులు ఇంటర్నెట్‌లో పెడతారు, చదవండి. టీవీలో మాత్రం గంటలోపే "పైలట్ తప్పిదం" అని వేసేస్తారు. నాకు ఆ మాట వింటే చిరాకు. తప్పు చేశాడు, సరే. 75 నాట్స్‌తో వచ్చాడు, సరే. అలా రమ్మని నేర్పింది ఎవరు? చుట్టి వస్తే నవ్వింది ఎవరు? వెనక నుంచి వాచీ చూసుకున్నది ఎవరు? అవి రాయకపోతే ఇంకో స్ట్రిప్‌లో ఇంకొకడు అలాగే వస్తాడు.

నాకిచ్చిన టైమ్ అయిపోవచ్చింది. ప్రశ్నలుంటే అడగండి. అమ్మా, మీరు. మైకు ఇవ్వండి ఆ అమ్మాయికి.

వానలో చిన్న విమానం జారుతుందా అని అడుగుతున్నారు. జారుతుంది. టైరుకీ రన్‌వేకీ మధ్య నీటి పొర చేరితే టైరు నీళ్ళ మీద తేలుతుంది, బ్రేకు పట్టదు. నాసా పరిశోధనల నుంచి వచ్చిన ఒక సూత్రం ఉంది. టైరులో గాలి ఎన్ని పీఎస్‌ఐ ఉందో దాని వర్గమూలాన్ని తొమ్మిదితో గుణిస్తే, ఎన్ని నాట్స్ దగ్గర తేలడం మొదలవుతుందో సుమారుగా వస్తుంది. 36 పీఎస్‌ఐ ఉందనుకోండి. వర్గమూలం ఆరు, తొమ్మిదారులు యాభైనాలుగు. 54 నాట్స్. సరైన వేగంతో దిగిన 172 ఆ గీతకి అటూ ఇటూగా ఉంటుంది, వెంటనే కిందికి వచ్చేస్తుంది. పది ఎక్కువతో దిగితే చాలా దూరం గీత పైనే ఉంటుంది. తడి రన్‌వే మీద కాస్త గట్టిగానే కూర్చోబెట్టమంటాం, నీటి పొర చీల్చుకుని టైరు నేలను పట్టాలని.

ఆ పెద్దాయన. చెప్పండి సార్. మీ అబ్బాయిని ఫ్లయింగ్ స్కూల్లో చేర్చాలనుకుంటున్నారు, ఏం చూడాలి అని. మంచి ప్రశ్న. వాళ్ళిచ్చే రంగుల పుస్తకం ఇంట్లో పెట్టేసి, ఒక మామూలు రోజు మధ్యాహ్నం, గాలి లేచే వేళకి, మీరిద్దరూ అక్కడికి వెళ్ళండి. రన్‌వే కనపడే చోట రెండు గంటలు కూర్చుంటామని అడగండి. కూర్చోనివ్వకపోతే వచ్చెయ్యండి. కూర్చోనిస్తే, ఎంతమంది దిగకుండా చుట్టి వెళ్ళిపోతున్నారో చూడండి. రెండు గంటల్లో ఒక్కరూ చుట్టి రాలేదంటే, ఎందుకు రాలేదని ఇన్‌స్ట్రక్టర్‌నే అడగండి. "మా పిల్లలు అందరూ మొదటిసారే దింపుతారు సార్" అని గర్వంగా చెప్పాడనుకోండి, ఇంకో స్కూలు చూసుకోండి. చుట్టి వచ్చిన కుర్రాడు ఉంటే, అతను విమానం దిగి వచ్చేటప్పుడు ఇన్‌స్ట్రక్టర్ ఏమన్నాడో వినండి. విమానం ముందు చక్రం దగ్గర వంగి చూస్తున్నారా లేదా, అది కూడా చూడండి. ఫీజు సంగతి సాయంత్రం మాట్లాడుకోవచ్చు.

ఇంకెవరైనా? హాలు ఏడున్నరకి ఖాళీ చెయ్యాలంటున్నారు. మిగతావి బయట టీ దగ్గర మాట్లాడుకుందాం, పదండి.